నేను అనని గట్టు

మోటారు ఇంకా హాల్లోనే ఉంది.

నిన్న సాయంత్రం పిడుగు దాన్ని పొలం నుంచి బస్సులో వేసుకొచ్చింది. కండక్టరుతో తగువాడి, ఓడిపోయి, దానికీ ఒక టికెట్టు కొని మరీ తెచ్చింది. తెచ్చి సరిగ్గా గుమ్మానికీ భోజనాల బల్లకీ మధ్య దించింది. కింద పరిచిన గోనెపట్టా నూనె పీల్చి నల్లబడిపోయింది. కాలిన వైండింగు వాసన ఇల్లంతా పట్టుకుని, కుట్టుమిషను మీద సగంలో ఉన్న గౌన్లకు కూడా అంటుకుంటుందేమోనని వదిన కిటికీలన్నీ తెరిచి పెట్టింది.

ఆమెను ఆ వీధిలో అందరూ వదిన అనే పిలుస్తారు. గుడ్డలు కుట్టించుకోవడానికి వచ్చే ముసలమ్మలు సైతం వదినా అనే అంటారు. ఆ పిలుపు మొదలుపెట్టింది పిడుగు. అసలు హక్కుదారు తనొక్కతే, మిగతావాళ్ళంతా అరువు తెచ్చుకున్నారు.

పిడుగు అంటే వదినకు ఆడబిడ్డ. పొట్టి మనిషి, గొంతు మాత్రం రెండు పొలాల అవతలికి వినబడుతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అని నవ్వుకుంటూ కన్నతండ్రే ఆ పేరు పెట్టాడు. అసలు పేరు ఏదో ఉంది కానీ, దానితో పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూడదు.

"దాన్ని అక్కణ్ణించి తీయమని మీ ఆడబిడ్డకి చెప్పు," అన్నాడు వదిన మొగుడు, టీ గ్లాసులోకి చూస్తూ. ఊళ్ళో ఆయన్ని కొట్టాయన అంటారు. బజార్లో ఇనప సామాన్ల కొట్టు ఆయనది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఇనుము మోసిన మనిషి, ఆ మోటారు చుట్టూ మాత్రం కాలు తగలకుండా తిరిగి వెళుతున్నాడు.

పిడుగు అక్కడే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెయ్యి చాస్తే అన్నయ్యకు అందేంత దూరం.

"డబ్బు ఎవరికి పడుతుందో తేలాక తీస్తానని మీ ఆయనకి చెప్పు వదినా."

వదిన ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పేదేముంది, ఇద్దరికీ చెవులున్నాయి. పోయిన వారం తగువు పడ్డ దగ్గర్నుంచి అన్నాచెల్లెళ్ళు మాటలు మానేశారు. మానేసినా మాట్లాడుకోక తప్పదు కాబట్టి, ఆ మాటలన్నీ వదిన మీదుగా నడుస్తున్నాయి. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు పెద్దలు. అసలు మొగుడూ అర్ధమొగుడూ ఒకేసారి అలిగితే ఆడది ఏమైపోవాలో మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయారు.

తగువు అంతా సాగుసాయం గురించి. పంట వేసినప్పుడల్లా ప్రభుత్వం రైతుకు ఇచ్చే డబ్బది. పొలం కొట్టాయన పేరు మీద ఉంది. ఆడపిల్ల ఏదో ఒక ఇంటికి పోయేదే కదా అని తండ్రి పోతూ పోతూ కొడుకు పేరున రాయించి పోయాడు. ఆ ఆడపిల్ల ఎక్కడికీ పోలేదు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా నాటు ఉందనో కోత ఉందనో చెప్పి, ఆ పొలంలోనే షెడ్డు వేసుకుని ఉండిపోయింది. దున్నేది ఆమె, విత్తేది ఆమె, తీసేది ఆమె. ప్రతి పంటకూ సాగుసాయం వచ్చి పడేది మాత్రం కొట్టాయన ఖాతాలో. సొమ్మొకడిది సోకొకడిది అని ఎదురింటి టైలరు ఓసారి నవ్వుతూ అన్నాడు. వదిన నవ్వలేకపోయింది.

ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేరు. ఈ ఏడు ప్రభుత్వం పద్ధతి మార్చింది. పొలం ఎవరిదన్నది కాదట, సాగు ఎవరిదన్నదే లెక్కట. ఎవరు చేస్తుంటే డబ్బు వాళ్ళకే. తేల్చడానికి తనిఖీ ఆఫీసరు స్వయంగా పొలానికే వస్తుందట. ఆ రావడం ఈ మధ్యాహ్నమే.

కొట్టాయన తన పక్షం మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు. శిస్తు కడుతున్నది తను కాదా? ఈ చెల్లెలికి విషజ్వరం వస్తే ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని తెల్లవార్లూ కాపలా కాసింది ఎవరు? అందులో అబద్ధం లేదని వదినకు తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు. చేతికి వచ్చిన డబ్బును ఎందుకు వచ్చిందని అడగడం మానేసిన మనిషి, అంతే. దానితో కొట్టు వెనక షెడ్డు పెంచాడు, సరుకు పెంచాడు. తీసుకున్న ప్రతిసారీ సాగు తనదేనని సంతకం పెట్టాడు, ఇప్పుడు కాదని తేలితే, ఇన్నాళ్ళూ తీసుకున్నదంతా వెనక్కి కట్టమంటారు. అందుకే ఆయన అడుగుతున్నది ఒక్కటే, సాగు అన్నయ్యదే, నేను కనిపెట్టుకుని ఉంటానని చెల్లెలు చెప్పాలి. ఆ డబ్బు పడగానే కొత్త మోటారు కొని పంపిస్తాడు.

"పోయిన పంటకీ ఇదే మాట," అంది పిడుగు. "అంతకు ముందు పంటకీ ఇదే. వైండింగు కట్టించి పంపాడు, మళ్ళీ కాలింది. ఉల్లి గడ్డ ఊరుతోంది వదినా. ఇప్పుడు నీళ్ళు ఆగితే తవ్వుకునేది గడ్డలు కాదు, గోళీకాయలు. ఈసారి డబ్బు నా చేతికే రావాలి. మోటారు నేనే కొనుక్కుంటాను."

"కొనుక్కోమను. నా కొట్టు మూయించి కొనుక్కోమను."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వదిన మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించింది. తొక్కకుండా అలాగే కూర్చుంది.

బయల్దేరే ముందు కొట్టాయన ఆమెను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు. ఇంట్లోవాళ్ళను కూడా అడుగుతారట, నువ్వూ రావాలి, నా మాటే నీ మాట అన్నాడు. వదిన 'అలాగే' అనలేదు, కాదనీ అనలేదు. ఆయన దాన్ని 'అలాగే' కింద జమ కట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. కాపురం అంతా అలాగే నడిచింది, ఆయన తప్పేముంది.

మోటారుని కూడా బండిలో వేయమంటావా అని వదిన పిడుగును అడిగితే, వద్దంది. "ఇక్కడే ఉండనీ వదినా. అది నా తరఫు మనిషి."

*

కొట్టు సరుకు మోసే ఆటోలో వెళ్ళారు. ముందు కొట్టాయన, వెనక గోతాల మీద వదినా మరదళ్ళు. దారంతా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. అప్పజెప్పాల్సిన పాఠం నెమరు వేసుకుంటున్నాడని వదినకు అర్థమైంది.

ఆమె ఆ పొలానికి వచ్చి చాలా కాలమైంది. వచ్చినప్పుడల్లా పంట ఇంటికి చేరాకే వచ్చేది. పంట ఉండగా చూడటం ఇదే మొదలు. ఉల్లి నాటిన బోదెలు నూలు పట్టి గీసినట్టు ఉన్నాయి. గడ్డిపోచ లేదు. షెడ్డు వైపు సగం పొలం పచ్చగా నిలబడి ఉంది. అవతలి సగం కాడలు వంగి, కొనలు పండుబారుతున్నాయి.

"ఈ సగానికి నీళ్ళెక్కడివి?" అని అడిగింది వదిన.

"కాలవ నుంచి."

"మోటారు లేకుండానా?"

పిడుగు గోడకు చేర్చి ఉన్న కావడిని చూపించింది. దాని రెండు చివర్లా రెండు డబ్బాలు వేలాడుతున్నాయి. కాలవ ఎక్కడో రోడ్డు అవతల ఉంది. సగం పొలాన్ని ఆ మనిషి భుజం మీద మోసి బతికించింది. రెండో సగం దాకా భుజం సాగలేదు.

వదిన కన్ను అలవాటు కొద్దీ ఆడబిడ్డ చొక్కా మీదికి పోయింది. దాన్ని కుట్టింది తనే. భుజాల దగ్గర రెండు పొరలు వెయ్యి వదినా అని పిడుగు అడిగితే, ఏదో సోకనుకుని వేసి ఇచ్చింది. ఆ రెండు పొరలూ అరిగిపోయి లోపలి చర్మం కనిపిస్తోంది. ఇంత మనిషిని ఆడబిడ్డగా పెట్టుకుని తను ఇన్నాళ్ళూ పిడుగు అని నవ్వుతూ గడిపేసిందా అనుకుంది వదిన. ఆ క్షణంలో ఆమెకు ఆడబిడ్డ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టబోతే పిడుగు ఏమంటుందో కూడా తెలుసు కాబట్టి ఊరుకుంది.

ఆఫీసరు స్కూటరు మీద వచ్చింది. నడివయసు మనిషి, పొద్దున్నుంచీ ఎండలో తిరిగి మొహం కందిపోయింది. పిడుగు ఇచ్చిన నీళ్ళు గటగటా తాగి, సంచిలోంచి ట్యాబు తీసింది. ఒక్కొక్కరినీ విడిగా అడగాలి, మిగతావాళ్ళు దూరంగా ఉండండి అంది. పొలానికి తలుపులు ఉండవు కదా, ఎంత దూరం జరిగినా అందరికీ అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

ముందు కొట్టాయన వెళ్ళాడు. గట్టు మీద బూట్లతో నిలబడ్డాడు.

"ఈ పొలం సాగు చేస్తున్నది ఎవరండీ?"

ఆయన నోరు తెరిచాడు. దారంతా వల్లించిన మాట అది, ఒక్క చిన్న మాట.

"మేమే," అన్నాడు.

"మేమంటే?"

"మేమేనండీ. మా... మేం."

వదినకు ఆయన చెవులు ఎర్రబడటం కనిపించింది. ఆమెకు విషయం తెలుసు, ఆఫీసరుకు తెలియదు.

ఆ ఇంటి పెద్దాయన, అంటే వీళ్ళ తండ్రి, బతికున్నన్నాళ్ళూ గట్టు దిగిన మనిషిని 'నేను' అననిచ్చేవాడు కాదు. నేను కోశాను, నేను నాటాను అని పిల్లలు ఎవరైనా నోరు జారితే, రోడ్డు దాకా పోయి మళ్ళీ రమ్మనేవాడు. వాన నేను అనదు, ఎద్దు నేను అనదు, విత్తనం నేను అనదు, మధ్యలో నువ్వెవరివిరా అనేవాడు. పిల్లలు రోడ్డుకీ గట్టుకీ తిరిగి తిరిగి పొలంలో ఆ మాటే మరిచిపోయారు. ఇప్పటికీ పిడుగు పొలంలో ఒంటరిగా ఉండి, ఫోనులో మేం తింటున్నాం, మేం పడుకోబోతున్నాం అంటుంటే అవతలివాళ్ళు ఎంతమంది ఉన్నారక్కడ అని అడుగుతారు. కొట్టు కౌంటరు మీద కాగితం పెట్టుకుని 'నేనే సాగుదారుని' అని సంతకం చేయడం వేరు. తండ్రి నడిచిన గట్టు మీద నిలబడి నోటితో అనడం వేరు.

ఆఫీసరు ట్యాబు మీద ఏమీ నొక్కకుండానే ఆయన్ని పంపించి పిడుగును పిలిచింది.

దీనికోసమే కదా మోటారును బస్సెక్కించింది.

"సాగు ఎవరమ్మా చేస్తున్నది?"

"మనమే," అంది పిడుగు.

ఆఫీసరుకు అంత అలసటలోనూ నవ్వొచ్చింది. "మనమంటే నేను కూడానా?"

"మీరూ తినేదేగా."

ఆఫీసరు నవ్వు ఆపుకుని పరిస్థితి విడమర్చి చెప్పింది. ఇందులో ఒక్క మనిషికే చోటు ఉంది. మేమూ మనమూ అంటే తీసుకోదు. ఒక్కరూ తేలకపోతే ఖాళీగా వదిలేయాల్సి వస్తుంది, ఈ పంటకు డబ్బు ఎవరికీ పడదు. మళ్ళీ తను ఇటు వచ్చేసరికి ఉల్లి భూమిలో ఉండదు.

పిడుగు ఎండుతున్న సగం వైపు చూసింది. పెదవి తడుపుకుంది. "నే..." అంది. మాట అక్కడే ఆగిపోయింది. ఊరంతా వినబడే గొంతు అది, రెండో అక్షరానికి చాలలేదు.

"రోడ్డు మీదికి వెళ్ళి చెప్పమంటారా అమ్మా?" అని అడిగింది.

"ఇక్కడే చెప్పాలి. పొలంలో నిలబడి చెప్పినట్టు ఫొటో కూడా తీయాలి."

పిడుగు తల వంచుకుంది. మొండిదని లోకమంతా అనుకునే మనిషి, గెలవడానికి ఒక్క మాట చాలినచోట కూడా నాన్న మాట దాటలేక నిలబడిపోయింది. ఇంత పిచ్చితనం ఎక్కడైనా ఉంటుందా అని వదినకు చిరాకు వేసింది. వెంటనే, ఇంత మంచితనం మాత్రం ఎక్కడుంటుందని కళ్ళు చెమర్చాయి.

"ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?" అంది ఆఫీసరు.

వదిన ముందుకు నడిచింది. మొగుడి చూపు వీపు మీద ఆనుతూనే ఉంది. కొట్టు గుర్తొచ్చింది, పెంచిన షెడ్డు గుర్తొచ్చింది. చెప్పాక జరిగేదేమిటో ఆమెకు బాగా తెలుసు. అయినా ఈ గట్టు మీద నోరు కట్టేసుకోకుండా పెరిగింది తనొక్కతే.

"మా ఆడబిడ్డండీ," అంది.

"ఒక్కరేనా?"

"ఒక్కతే. విత్తనం దగ్గర్నుంచి గడ్డ దాకా ఆ అమ్మాయే. మా ఆయన కొట్టు చూసుకుంటారు. నేను మిషను కుట్టుకుంటాను. నేను ఈ పొలంలో ఒక్క మొక్క కూడా పీకి ఎరగను."

అంత అలవోకగా నేను, నేను అంటుంటే, అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. ఆ కంగారులోనూ వదినకు అది నవ్వు తెప్పించింది.

ఆఫీసరు వంగి పిడుగు అసలు పేరు అడిగి తెలుసుకుని ఎక్కించుకుంది. పిడుగును ఉల్లి మధ్యలో నిలబెట్టి ఫొటో తీసింది. ఈ పంట డబ్బు నీకే పడుతుందమ్మా అని చెప్పింది. పిడుగు తల ఊపింది, అంతే. ఆమె చూపు అన్నయ్య మీదే ఉంది.

ఆఫీసరు ట్యాబు మూయలేదు.

"ఇంకొకటి రాయాలి. ఇన్నాళ్ళూ ఈ పొలం మీద డబ్బు తీసుకున్నది ఎవరు?"

కొట్టాయన తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"మేమే," అంది పిడుగు.

"నువ్వూ తీసుకున్నావా? అందరూ కలిసి వాడుకున్నారా?" ఆఫీసరు గొంతులో ఒక దారి చూపిస్తున్నట్టు మెత్తదనం వచ్చింది. "ఒక కుటుంబంగా వాడుకుంటే వెనక్కి కట్టక్కర్లేదు. అలా ఉంటే అలాగే చెప్పండి."

"అలాగే వాడుకున్నాం. మేమే," అంది పిడుగు మళ్ళీ, ఈసారి గట్టిగా, రెండు పొలాల అవతలికి వినబడేలా.

ఇందాక అలవాటు కొద్దీ వచ్చిన మాట ఇది కాదని వదినకు తెలిసిపోయింది. దీన్ని తెలిసే అంటోంది. కాలిపోయిన మోటార్లూ అరిగిపోయిన భుజాలూ అన్నీ ఆ ఒక్క మాట కింద కప్పేసి, అన్నయ్యను ఒడ్డున పడేస్తోంది. అన్నదమ్ములున్న ఆడపిల్లలు లోకంలో కోటిమంది ఉంటారు. ఇలాంటి చెల్లెలు మాత్రం ఈయనకే దక్కింది.

"సరే, అలాగే రాస్తాను," అంది ఆఫీసరు.

"కాదు."

కొట్టాయన గట్టు మీదే ఉన్నాడు. మొహం పాలిపోయింది. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అది పైసా తీసుకోలేదు," అన్నాడు. "తీసుకున్నది నేను."

ఆ ఇంటి పిల్లల నోట ఆ గట్టు మీద 'నేను' అన్న మాట పడి ఎన్నేళ్ళయిందో. పిడుగు గబుక్కున తిరిగింది.

"అన్నయ్యా, నువ్వు ఊరుకో." వారం తరవాత అన్నయ్యతో నేరుగా అన్న మొదటి మాట అది.

"రాశాక మార్చడం నా చేతిలో ఉండదండీ," అంది ఆఫీసరు. "మొత్తం కట్టాల్సి వస్తుంది."

"రాయండి."

వదినకు భయం వేసింది. అయినా ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని చూసి ఇంత గర్వపడిన రోజు లేదు. ఆ రెండూ కలిసి ఒకేసారి వస్తే మనిషి ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు.

ఆఫీసరు రాసుకుని, ట్యాబు సంచిలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా స్కూటరు ఎక్కి వెళ్ళిపోయింది.

పిడుగు వచ్చి అన్నయ్య ఎదురుగా నిలబడింది.

"ఏం పెట్టి కడతావు అన్నయ్యా?"

దానికి జవాబేమిటో వదినకు తెలుసు. కొట్టు తాళాలు తప్ప ఆ మనిషి దగ్గర ఇంకేమీ లేదు. ఆయన చెయ్యి అప్పటికే జేబులో వాటికోసం తడుముకుంటోంది.